ఈశాన్యానికి పోయిన నీళ్లు

రెండో బకెట్టు కూడా కుమ్మరించి పెద్దులు గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు కొత్త సిమెంటు మీద పలచగా పరుచుకుని, ఎటు పోదామా అని కాసేపు ఆలోచించి, మెల్లగా కదిలాయి. ఏ ఇంటి కప్పు పోసినా ఆయన చేసే ఆఖరి పని ఇదే. పొద్దున్నే ఎవరూ రాకముందు ఒక్కడే పైకెక్కుతాడు, రెండు బకెట్ల నీళ్లు పోస్తాడు, ఇంటి నుంచి తెచ్చుకున్న బీడీ ఒకటి ముట్టిస్తాడు. బీడీ అయిపోయేలోపు నీళ్లన్నీ తూములోంచి కిందికి దూకాలి. ఆ చప్పుడు విన్నాకే నిచ్చెన దిగుతాడు. ఒమాన్‌లో అడుగుపెట్టిన ఈ ఇరవై ఒక్క ఏళ్లలో ఆ చప్పుడు వినకుండా దిగిన రోజు ఒక్కటీ లేదు.

ఇవాళ బీడీ సగం కాలింది. నీళ్లు నింపాదిగా వెళ్లి, తూము లేని మూలలో పిట్టగోడ వారన మడుగు కట్టాయి. తూమేమో ఎదురు మూలలో పొడిగా నోరు తెరుచుకుని ఉంది.

పెద్దులు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. లేచి నిలబడి కొండల వైపు చూశాడు. ఎండ అప్పుడప్పుడే కొండల అంచు దాటి వస్తోంది. అది తూర్పు, ఇది ఉత్తరం, నీళ్లు చేరింది ఆ రెండింటి నడుమ మూల. ఈశాన్యం. తూము ఉన్నది నైరుతిలో. జరిగిన తప్పేమిటో ఆయనకు అక్కడికక్కడే అర్థమైపోయింది. ఎవరో చేయించిన తప్పు కాదిది, తన చేతులు చేసిన తప్పు. మర్నాడు పొద్దున ఆయన ఇంటికి విమానం ఎక్కాలి. ఇక తిరిగి రావడం లేదు.

మస్కట్ నగరం పెరిగి పెరిగి, ఉన్న జాగా చాలక, కొండలు దాటి అల్ అమెరాత్ మీద పడింది. రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని ఒక ఎండిన వాగు గట్టును ఒక ప్రైవేటు కంపెనీ కొని, గీతలు గీసి, నలభై విల్లాలు కడతానని రోడ్డు పక్కన పెద్ద బోర్డు పెట్టింది. బోర్డు మీద ఈతకొలనూ, పచ్చిక బయళ్లూ, పరిగెత్తే పిల్లలూ ఉన్నారు. అంత పచ్చదనం వానలకు పేరున్న సలాలాలో వానాకాలంలో కూడా ఉండదని పెద్దులు రూమ్‌మేట్ జితేందర్ నవ్వుతుంటాడు. బోర్డు సంగతి ఎలా ఉన్నా ఇళ్లు మాత్రం లేచాయి. ఒక వరుసలో పదహారు పూర్తయి దీపాలు కూడా వెలుగుతున్నాయి. రోడ్డుకు అవతలి వరుసలో మొదటిది ఈ పదిహేడో నంబరు.

ఈ ఇళ్లలో గోడలు కట్టిందెవరు, పాలరాయి పరిచిందెవరు అంటే చాలామంది పేర్లు చెప్పాలి. వాటం ఇచ్చింది మాత్రం పెద్దులే. వాటమంటే నీళ్లు తూము వైపు జారిపోయేలా కప్పుకిచ్చే వాలు. పది అడుగులకు అంగుళం పైచిలుకు, అంతే. నడిచే కాలికి తెలియకూడదు, నీళ్లకు తెలియాలి. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఈ యాభై ఏడేళ్ల మనిషిది పొట్టి విగ్రహం, బొద్దు మీసం, మోకాళ్ల దగ్గర ఎప్పుడూ అరిగిపోయి ఉండే ప్యాంటు. సిమెంటుకు తెల్లబారిన గోళ్లు. కుడి బొటనవేలి పగులులో రాత్రిళ్లు కొవ్వొత్తి మైనం కరిగించి పోసుకుంటాడు. ఇబ్రిలో స్కూలు కప్పు, అల్ సువైక్‌లో ఖర్జూరాల గోదాము, ఇక్కడి విల్లాలు, అన్నీ ఆయన మోకాళ్ల మీద దేకి దేకి తీర్చినవే. ఇంజనీర్లు మారిపోతుంటారు కాబట్టి ఆయన పేరు చాలామందికి తెలియదు. ‘ఆ వాటం ముసలాయన్ని పిలవండి’ అంటారు. ఆ పిలుపు ఆయనకు బాగానే ఉంటుంది. తను వాటమిచ్చిన కప్పు కారిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి పిలవలేదు.

మరి ఇదెలా జరిగిందంటే, మొదటి వరుస ఇళ్లన్నిటికీ తూము ఈశాన్యంలోనే ఉంది. రోడ్డుకు ఇవతల ప్లానును సగం చుట్టు తిప్పేశారు. ఆ సంగతి పెద్దులుకు కాగితం మీద తెలుసు. కానీ జులైలో సెలవు మీద ఇంటికెళ్లి, నాలుగు సెలవులుగా కట్టుకుంటూ వచ్చిన తన సొంత ఇంటి కప్పు తనే పోసుకున్నాడు. భార్య శాంతవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నెల రోజులూ కింద కూర్చుని, ‘ఈశాన్యమే కదా, ఈశాన్యానికే కదా’ అని పూటకోసారి అడిగింది. అడగకపోయినా ఆయన అటే ఇచ్చేవాడు. ముప్పై ఏళ్ల కింద గురువు మేస్త్రీ నేర్పింది అదే, ఊళ్లో ప్రతి ఇంటివాడూ నెత్తిమీద నిలబడి చేయించుకున్నదీ అదే. బుధవారం నాడు ఈ కప్పు మీద వాటానికి తాడు కట్టేటప్పుడు ఆయన మనసు ఆదివారం ప్రయాణం మీద ఉంది. మనసు లేని చోట చేతులు తమకు తెలిసిన దిక్కుకే వెళ్లాయి. గురువారం సిమెంటు ఇంకా పచ్చి, శుక్రవారం సెలవు. ఇవాళ శనివారం తెలిసింది.

ఏడు గంటలకు సైట్ ఇంజనీర్ ప్రభాకర్ వచ్చాడు. రాజోలు వైపు కుర్రాడు, ముప్పై రెండేళ్లుంటాయి, పెద్దులును పేరు పెట్టి ‘గారూ’ అని పిలిచే ఏకైక ఆఫీసరు. పెద్దులు దాచిపెట్టకుండా నిచ్చెన ఎక్కించి మడుగు చూపించాడు. ప్రభాకర్ మడుగు చూశాడు, చేతిలోని ఫైలు చూశాడు. పదిహేడో నంబరు పని అంతా సరిగ్గా ఉందని గురువారమే సంతకం పెట్టేశాడు. ఈశాన్యంలో కొత్త తూము పెడదామంటే ఆ వైపు పక్కవాళ్ల గోడ, నీళ్లు వాళ్ల జాగాలో పడకూడదు. మీద ఇంకో పొర పోద్దామంటే అది పాతదాన్ని పట్టుకోదు, ఏడాది తిరక్కుండానే పొలుసులు లేస్తుంది. ఇవన్నీ ఇద్దరికీ తెలిసినవే.

“పనిమనిషి గది కప్పే కదండీ పెద్దులు గారూ,” అన్నాడు చివరికి ప్రభాకర్, గొంతు తగ్గించి. “పెద్ద కప్పు శుభ్రంగా ఉంది. ఇక్కడ ఏడాదికి రెండు వానలు పడితే గొప్ప. రేపీపాటికి మీరు విమానంలో ఉంటారు. వదిలేద్దురూ.”

అది నిజమే. మిద్దె మీద ఒక మూలగా, బట్టలుతికే మిషను పక్కన ఉన్న చిన్న గది అది. నాలుగు మీటర్లు ఒక వైపు, మూడున్నర ఇంకో వైపు. విల్లా కొనేవాళ్లు దాన్ని చూడను కూడా చూడరు.

“ఎవలో ఒకలు పండుతరు గద సారు ఆ గదిల,” అన్నాడు పెద్దులు.

ప్రభాకర్ వాగు వైపు తిరిగాడు. ఇక్కడ వాన రావడం తక్కువే కానీ, వస్తే ఎలా వస్తుందో అతనూ చూశాడు. ఒక్క పూటలో ఆ ఎండిన వాగు నిండి కార్లను మోసుకుపోతుంది. ఒప్పుకున్నాడు కానీ ఒక మెలిక పెట్టాడు. పాత సిమెంటు కింద నీళ్లు దిగకుండా పరిచిన తారు పొర ఉంది. పగలగొట్టేటప్పుడు అది తెగితే తను రిపోర్టు రాయక తప్పదు. రిపోర్టు వెళితే పెద్దులు కాగితాలు ఆఫీసులో ఆగిపోతాయి, టికెట్టు పోతుంది, మళ్లీ ఎన్నాళ్లకో చెప్పలేడు. సాయంత్రం ఆరింటికి కంపెనీ పికప్ వస్తుంది. ఆ లోపల పని అయిపోవాలి.

పెద్దులు తల ఊపి సుత్తి తెచ్చుకోవడానికి కిందికి దిగాడు. భయం లేదని కాదు. రజిత, ఆయన పెద్ద కూతురు, రేపు ఎయిర్‌పోర్టుకు కారు తీసుకుని వస్తానని అప్పటికే మూడుసార్లు మెసేజ్ పెట్టింది. శాంతవ్వ కొత్త ఇంట్లో పొయ్యి ఇంకా వెలిగించలేదు, నువ్వొచ్చాకే అంటోంది. ఒక్క ఉలి దెబ్బ లోతుగా దిగితే ఇదంతా నెలలు వెనక్కిపోతుంది. కానీ బుధవారం ఆ తారు పొర మీద తను ప్లాస్టిక్ పట్టా పరిచాకే సిమెంటు పోశాడు. ఎవరూ పరవమనలేదు, తన అలవాటు. ఆ పట్టా మీద ఆయనకు నమ్మకం ఉంది, తన చేతుల మీద అంతకంటే నమ్మకం ఉంది.

జితేందర్ నిర్మల్ వాడు, టైల్స్ పని. ఇవాళ టైల్స్ రాలేదు కదా, కింద నీడలో పడుకుందామనుకుంటున్న వాడిని పెద్దులు మిద్దె ఎక్కించాడు. సంగతి విని జితేందర్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఖల్లీ వల్లీ, పోతే పోనీ అనుకోని పోరాదే మామా. ఎవడన్న రేపు పోతా ఇయ్యాల కప్పు పలగ్గొడ్తడా?”

అంటూనే ఉలి అందుకున్నాడు. మొదటి దెబ్బ గట్టిగా వేసేసరికి పెద్దులు అతని మణికట్టు పట్టుకున్నాడు. నిలువుగా కొట్టొద్దని, ఉలిని పడుకోబెట్టి అంచు నుంచి లేపమని చూపించాడు. కింద పొర తెగితే తను రేపు పోడని, జితేందర్ ఇంకో ఆర్నెల్లు తన గురక వినాల్సి వస్తుందని బెదిరించాడు. ఆ తర్వాత జితేందర్ సుత్తి చాలా మర్యాదగా నడిచింది. ఇద్దరూ చెరో వైపు నుంచి కూర్చుని, పెళ్ల పెళ్లగా లేపి, బొచ్చెల్లో ఎత్తి కింద పడేశారు. పది దాటేసరికి అక్టోబరు ఎండ కూడా వీపు మీద బాగానే కాసింది.

పదిన్నరకు జితేందర్ ఉలి సర్రున జారింది. ప్లాస్టిక్ పట్టా చిరిగి నల్లటి పొర కనబడింది. జితేందర్ ఉలి వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగాడు. పెద్దులు మోకాళ్ల మీద దేక్కుంటూ వచ్చి ఆ చోట వేలితో తడిమాడు. చూపుడు వేలు, తర్వాత మైనం పోసిన బొటనవేలు. మగ్గుతో నీళ్లు తెచ్చి ఆ గీత మీద పోసి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. నీళ్లు గీతలో నిలిచాయి, లోపలికి దిగలేదు. గుడ్డతో తుడిచి, తారు ముద్ద ఒకటి కాచి అద్ది, మళ్లీ పట్టా కప్పి, పని కానీయమన్నాడు.

మధ్యాహ్నానికి కప్పు నగ్నంగా మిగిలింది. ఇద్దరూ నీడలో కూర్చుని రొట్టె తింటుంటే ఇల్లు కొన్నావిడ వచ్చింది. అజీజా అని, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. పక్క వీధిలోనే అద్దెకుంటూ తలుపులకూ కిటికీలకూ కొలతలు తీసుకోవడానికి రోజు విడిచి రోజు వస్తుంది. ఖర్జూరాలూ, ఫ్లాస్కులో కాఫీ ఇచ్చి ఆమె కిందికి వెళ్లింది. వెంట వచ్చిన పనిమనిషి మాత్రం ఆ చిన్న గది గుమ్మంలో ఆగిపోయింది. నలభై దాటిన మనిషి, పేరు మల్లీశ్వరి, రాయచోటి దగ్గర పల్లె. ఆరేళ్లుగా అజీజా ఇంట్లోనే పని. అద్దె ఇంట్లో బియ్యం బస్తాల పక్కన చాప వేసుకుని పడుకునే మనిషికి తలుపూ గొళ్లెమూ ఉన్న గది ఇదే మొదటిదట. తలుపు రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. తర్వాత గది పక్కన పడేసిన సిమెంటు పెళ్లల గుట్టలు చూసి కంగారుపడింది.

“ఏందన్నా, కట్టిందాన్నే పగలగొట్నారే? నా గది ఉంచుతారా లేదా?”

తెలుగు వినగానే పెద్దులు లేచి నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఈశాన్యానికి వాటమిచ్చానని, అది తప్పని, తీసేసి నైరుతికి ఇస్తున్నానని. మల్లీశ్వరి ముఖం ఇంకా చిన్నబోయింది.

“ఈశాన్యానికి పోతే మంచిదే గదన్నా? మా వూర్లో అట్లే పోపిస్తారు. మంచిగున్నదాన్ని నైరుతికి యాల తిప్పేది?”

జితేందర్ నోట్లోని ఖర్జూరం బయటికొచ్చేలా నవ్వాడు. పొద్దుటి నుంచి నడుం విరగ్గొట్టుకున్నది ఎవరి కోసమో, ఆ మనిషే ఇదొద్దంటోంది. పెద్దులుకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె అడిగింది శాంతవ్వ అడిగినట్టే ఉంది. నిజానికి పొద్దున్నుంచి ఆయన మనసులో ఉన్నదీ అదే. నైరుతి పల్లం చేస్తే ఇంట్లో మనిషికి కీడని ఊళ్లో తనే ఎంతమందికో చెప్పాడు.

“మంచిదే చెల్లె. నేను గూడ నా ఇంటికి అట్లనే ఇచ్చుకున్న,” అన్నాడు. “కని ఈడ తూము అటు లేదు. నీళ్లు ఆ మూలకు నిలవడ్తయి, గోడలకు దిగుతయి, నీ మంచం మీదికస్తయి. తూము ఏడుంటే నీళ్లు ఆడికే పోవాలె. నువ్వు పొడిగ పండుకునుడే నీకు మంచిది.”

మల్లీశ్వరి గదిలోకి వెళ్లి ఈశాన్యం మూల చూసింది. మంచం ఆ మూలనే వేసుకోవాలని అనుకుందట, కిటికీ అటే ఉంది కాబట్టి. బయటికి వచ్చి, అయితే సరేనన్నా, నీకు తెల్సినట్టే చేయమంది.

ఒంటిగంటకు సిమెంటు కలపడం మొదలుపెట్టారు. పెద్దులు నీళ్లు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని నాలుగు మూలలూ కొలిచాడు. ఒకసారి కొలిస్తే చాలిన మనిషి ఇవాళ మూడుసార్లు కొలిచాడు. గోడల మీద పెన్సిలు గీతలు పెట్టి, దారం లాగి, ఈశాన్యాన్ని ఎత్తు చేసుకుంటూ నైరుతికి దిగాడు. ఎడమ చేత్తో అన్నం తింటున్నట్టు ఉంది ఆయనకు. రూళ్లకర్ర లాగిన ప్రతిసారీ చేతులు పాత దిక్కుకు మొగ్గుతున్నాయి, ఆయన మళ్లీ దారం వైపు చూసుకుంటున్నాడు. జితేందర్ కలిపిన సిమెంటు మాల్ అందిస్తున్నాడు, పెద్దులు వెనక్కి వెనక్కి దేకుతూ తాపీతో నున్నగా తీరుస్తున్నాడు. మూడు గంటలకు సగమైంది. నాలుగున్నరకు ఆయన తూము దగ్గరికి చేరి, దాని నోటి చుట్టూ గిన్నెలా గుంట తీర్చి, నిచ్చెన మీదికి కాలు వేశాడు. మోకాళ్లు చాలాసేపటి దాకా నిటారుగా రాలేదు.

ప్రభాకర్ వచ్చి నిచ్చెన మీది నుంచే తొంగి చూశాడు. బాగుందన్నాడు, తారు పొర గురించి అడిగాడు, తెగలేదని విని ఫైలులో ఏమీ రాయకుండా మూసేశాడు. నీళ్లు పోసి చూద్దామా అని నోరు జారి, వెంటనే ఆగిపోయాడు. పచ్చి సిమెంటు మీద రేపటి దాకా చుక్క పోయకూడదని అతనికీ తెలుసు. అప్పుడు గుర్తొచ్చింది పెద్దులుకు. ఈ కప్పు మీద నీళ్లు ఎటు పోతాయో తను చూడడు. ఆ చప్పుడు వినకుండానే వెళ్లిపోతున్నాడు. కళ్లు తుడుచుకుంటే సిమెంటు అంటుకుంటుందని భుజంతో ముఖం ఒత్తుకున్నాడు. ఆయనకు బాధగానే ఉంది, అనుమానం మాత్రం లేదు.

ఇంకో చిక్కు మిగిలింది. ఈ ఎండకు కొత్త సిమెంటును వారం రోజులు తడపకపోతే నెర్రెలు పడుతుంది. తడిపే మనుషులంతా రేపటి నుంచి సువైక్ సైటుకు పోతున్నారు, జితేందర్ కూడా. ఆ మాట మెట్ల మీద కూర్చున్న మల్లీశ్వరికి వినబడింది. పక్క వీధే కదా, తను తడుపుతానంది. అజీజాను అరబ్బీలో అడిగింది, ఆమె సరేనంది. ట్యాపుకు పైపు పెట్టి కొట్టేస్తానని మల్లీశ్వరి అనగానే పెద్దులు రెండు చేతులూ అడ్డం ఊపాడు. పైపు నీళ్లు పడితే పచ్చి కప్పు గుంటలు పడుతుందన్నాడు.

ఖాళీ నూనె డబ్బా ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. ఆమె పరుగున వెళ్లి పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. పెద్దులు మేకును లైటరు మంట మీద ఎర్రగా కాల్చి మూతకు చిల్లులు పొడిచాడు. పదకొండు చిల్లులు. నీళ్లు పట్టించి, మిద్దె మీద ఎండిన చోట చెయ్యి ఊపుతూ చల్లి చూపించాడు. కళ్లాపి చల్లినట్టు కాదు, నారుమడికి చల్లినట్టు అని చెప్పాడు. మల్లీశ్వరి డబ్బా అందుకుని అలాగే చల్లింది. ఆమె చెయ్యి ఆయన చేతికంటే నెమ్మదిగా తిరిగింది.

“ఏడొద్దులు. పొద్దుగాల, పగటీలి, పొద్దూకంగ,” అన్నాడు. “ఎనిమిదోనాడు రెండు బకిట్ల నీళ్లు పొయ్యి. పోసి కిందికి పోయి ఆ తూము కాడ నిలవడు.”

“పోతాయా అన్నా అటు?”

“పోతయి చెల్లె.”

ఆరింటికి పికప్ హారన్ మోగింది. పెద్దులు డ్రమ్ము దగ్గర మోచేతుల దాకా కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. బ్యాగు పొద్దున్నే సర్దుకున్నది, జితేందర్ మోసుకొచ్చి వెనక పెట్టాడు, భుజం మీద రెండుసార్లు చరిచాడు. ప్రభాకర్ గేటు దాకా వచ్చి, వెళ్లి రండి అని అలవాటుగా అనేశాడు. అస్త సారు అని పెద్దులు కూడా అలవాటుగానే అన్నాడు. బండి కదిలాక ఇద్దరికీ ఆ మాట తట్టింది.

దీపాలు వెలిగిన పదహారు ఇళ్లూ ఒక పక్కన నడిచిపోయాయి. వాటి కప్పులన్నీ ఆయనకు మోకాళ్లతో తెలుసు. మలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మిద్దె మీద ఎవరూ లేరు. పదిహేడో నంబరు పిట్టగోడ మీద పసుపు నూనె డబ్బా, చిల్లుల మూత బిగించి, రేపటి నీళ్లు నిండుగా నింపి ఉంది.